చేపలు చచ్చింది నా చేతుల్లో కాదు

మా నాన్న పోయాక కావలి స్టేషను దగ్గరి మా అంగడి మూసేశాం. బిస్కట్లు, బన్నులు పెట్టి అమ్మిన అద్దాల పెట్టె ఇంటికి వచ్చి వసారాలో పడింది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని మా తమ్ముడు, నాన్న వాడిన వస్తువు ఉండనీ అని మా అమ్మ. వాళ్ళిద్దరూ తేల్చుకునే లోపల నేను అందులో సముద్రపు నీళ్ళు పోసి చేపలు వదిలాను. ఎందుకని అడిగినవాళ్ళకు అప్పుడేం చెప్పానో ఇప్పుడూ అదే చెప్తాను. నాకిష్టమై.

అరవైల మొదటి ఏళ్ళవి. నాలాంటిదానికి ఇష్టం అనేది ఒకటి ఉంటుందని ఆ రోజుల్లో ఎవరికీ తోచేది కాదు. మద్రాసు హార్బరులో గుమాస్తాగా ఉన్న మా ఆయన, పెళ్ళయిన మూడో ఏడు విషజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చాను. నా తిండి నేను కుట్టుకుని తిన్నాను, ఎవరి మీదా పడలేదు. మాది క్రైస్తవుల ఇల్లు. తాతల కాలంలోనే మతం మారాం కాబట్టి మనకు శకునాలు లేవు, ముహూర్తాలు లేవు అని మావాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ దిష్టిని మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నారు. నేను వచ్చిన ఏడాది కొక్కెర తెగులు తగిలి మా వీధి వీధంతా కోళ్ళు చచ్చాయి. పక్కింటి కోళ్ళు తెగులుతో చచ్చాయి, మా ఇంటి కోళ్ళు మాత్రం నావల్ల చచ్చాయి. మేత వేసేది నేను మరి. నా ఎదుట ఎవరూ అనలేదు. "దాని చెయ్యి అంత మంచిది కాదు" అని వెనక అన్నారు. వెనక అన్న మాట ఎదుట అన్న మాట కంటే తొందరగా చెవిన పడుతుంది.

మద్రాసులో ఉన్నప్పుడు ఒక కాలేజీ ఎగ్జిబిషనులో ఉప్పునీటి చేపల్ని అద్దాల్లో పెట్టి చూపించారు. నేనూ మా ఆయనా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాం. ఆయన ముందుకు నడిచిపోతున్నా నేను అక్కడే నిలబడిపోయాను. చెరువు చేపను కుండలో వేసుకోవడం ఎవరైనా చేస్తారు. సముద్రాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలంటే గుండె కావాలి అనిపించింది. కావలికి సముద్రం ఎంతో దూరం లేదు. అయినా మా వీధిలో సముద్రమంటే గంపలో వచ్చి పులుసులో ఉడికేదే.

పెట్టె అతుకుల్లోంచి నీళ్ళు కారకుండా, పడవలకు పూసినట్టే గుగ్గిలం నూనెలో కలిపి పూశాను. అడుగున సముద్రపు పాయలోని ఇసుక పరిచాను. ఉప్పుమళ్ళ నుంచి స్టేషనుకు ఉప్పు తోలే బండి ఆయన ఒకడు మట్టి కడవల్లో సముద్రపు నీళ్ళు తెచ్చి పోసేవాడు. బదులుగా వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకు రవికలు కుట్టిపెట్టేదాన్ని. నీళ్ళతోబాటు పాయలో దొరికిన వేలెడంత చారల చేపలు, లోపలి పేగు కూడా కనబడే సన్న రొయ్యలు, ఖాళీ గుల్లల్లో కాపురం పెట్టే చిన్న పీతలు వచ్చేవి. చేపల్ని ఎక్కువ వేస్తే ఊపిరాడక పోతాయని, మేత మిగిలితే నీళ్ళు కుళ్ళుతాయని మొదట్లోనే దెబ్బ తిని నేర్చుకున్నాను. నీళ్ళు ఎప్పుడూ కదులుతుండాలని, అడుగున సన్నటి చిల్లి పెట్టిన కుండ ఒకటి తొట్టి మీద వేలాడదీశాను. తొట్టి నీళ్ళే కుండలో పోస్తే బొట్టు బొట్టుగా మళ్ళీ తొట్టిలోకే పడేవి. ఎదురింటి అవ్వ వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"శివుడికి కట్టినట్టు చేపలకు ధార కట్టినావే. మీ అయ్యగారు ఊరకుండాడా?"

మా అయ్యగారంటే మా గుడి పాస్టరుగారు. ఆయన ఊరుకోవడమే కాదు, కుర్చీ వేయించుకుని మరీ చూసిపోయారు.

తొట్టి నిలబడింది. వేసవి ఎండకు నిలబడింది. దోమల మందు కొట్టేవాళ్ళు ఇంటింటికీ వచ్చినప్పుడు తడి గోనెపట్టాలు కప్పి, గోడలు ఆరేదాకా కాపలా ఉన్నాను, దానికీ నిలబడింది. "మేపి తినేది కోళ్ళనక్కా, చేపల్ని గాదు" అని మా తమ్ముడు ఎగతాళి చేసేవాడు. చేస్తూనే బడి నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా వచ్చి అద్దానికి ముక్కు ఆనించేవాడు. వాడు ఎలిమెంటరీ స్కూలు పంతులు, పిల్లల దగ్గర చూపించలేని సరదాలన్నీ ఇంట్లో చూపించేవాడు. నా చేత్తో వేసిన మేత తిని బతుకుతున్న ప్రాణాలవి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పి ఎత్తిపొడవలేదు గానీ రోజూ పొద్దున్నే అనుకునేదాన్ని.

ఆ చలికాలంలో మా మరదలు ప్రసవించింది, మగబిడ్డ. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ వాళ్ళది లోపలి పల్లె, దగ్గర్లో ఆసుపత్రి లేదు. అందుకని కూతుర్ని తీసుకుపోయే బదులు వాళ్ళమ్మే మా ఇంటికి వచ్చి ఉంది. తమ్ముడికి అత్తగారు, నాకూ వరసకు అత్తే. మంచి మనిషి. బాలింతకు పథ్యం వండినా, కాళ్ళ మీద పడుకోబెట్టి బిడ్డకు నీళ్ళు పోసినా ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె భయాలు మాత్రం ఆమెకంటే పెద్దవి. వచ్చిన వారంలోనే బిడ్డ మొలకు నల్లతాడు కట్టి, తాడుకు చిల్లు కాణీ గుచ్చింది. నడుమ బెజ్జంతో ఉండే పాత రాగి నాణెం అది. కొత్త పైసలు వచ్చాక అంగళ్ళలో ఎవరూ తీసుకోవడం లేదు, అందుకని ఇళ్ళల్లో అందరి దగ్గరా మిగిలిపోయి దిష్టి తాళ్ళకు అక్కరకొచ్చాయి.

"మా ఇంట్లో ఇట్టాంటివి లేవు వదినా" అంది మా అమ్మ. అమ్మ గుడిలో స్త్రీల సమాజానికి పెద్ద. శుక్రవారం ప్రార్థనలో ఆమె లేచి నిలబడితేనే మొదలు. అన్నది సరే, పాస్టరుగారు బిడ్డను చూడవచ్చిన పూట ఆ తాడును పొత్తిగుడ్డ కిందికి తోసి దాచింది కూడా ఆమే.

బాలింతను చూడవచ్చిన ఆడవాళ్ళు బిడ్డను చూసి, వెనక్కి తిరిగి వసారాలో తొట్టిని చూసేవాళ్ళు. ఎంత ముద్దుగుండాయో అని, ఎన్నాళ్ళు బతికినాయో అని, ఇంటికి పోవడం మర్చిపోయి నిలబడేవాళ్ళు. నేను కుట్టుమిషను దగ్గర్నుంచే సమాధానాలు చెప్తూ ఉబ్బిపోయేదాన్ని.

ఇంతలో బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు పెట్టుకున్నారు. మా వైపు ఉయ్యాలలో వేసేది మేనత్త. పాస్టరుగారు ప్రార్థన చేసి పేరు పెట్టాక, మేనత్త బిడ్డను అందుకుని ఉయ్యాలలో పడుకోబెడితేనే తక్కినవాళ్ళు పాట ఎత్తుకుంటారు. ఆ బిడ్డకు మేనత్తను నేనొక్కదాన్నే. నాకు పిల్లలు లేరు, ఇక కలగరని ఊరందరూ ఎప్పుడో తేల్చేశారు. ఎవరెన్ని తేల్చినా ఆ పూట మాత్రం నాది. మద్రాసు చీర ఒకటి ట్రంకులోంచి తీసి మడతలు పోయేలా గాలికి ఆరేశాను.

అప్పుడు మొదలైంది. ఒక ఉదయం లేచి చూస్తే రొయ్యలన్నీ పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. పీతలు గుల్లలు వదిలేసి బయటికి వచ్చి చచ్చాయి. పీత తన కాపురం వదిలి వచ్చిందంటే లోపల ఉండలేక వచ్చిందన్నమాట. సాయంత్రానికి చేపలు పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని ఆయాసపడ్డాయి. ఉన్న కడవ నీళ్ళు పోశాను, రెండో కుండ కూడా వేలాడదీశాను. మర్నాటి పొద్దుటికి ఒక్కటీ మిగల్లేదు. పెరట్లో అరటిచెట్టు మొదట్లో పూడ్చి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఏడుపు పూర్తికాకముందే వంటింట్లో మాటలు వినబడ్డాయి. అత్త మా అమ్మతో అంటోంది.

"తప్పుగా అనుకోబాకు వదినా. ఆ పిల్లను నేనేమీ అనడంలా. కోళ్ళు పోయినాయంటిరి, ఇప్పుడు చేపలు పోయినాయి. ఆ చెయ్యే అట్టాంటిది, పాపం. ఉయ్యాలలో నా పెద్దకూతురు వేస్తుందిలే."

అన్న మాటలన్నీ ఒక ఎత్తు, చివర్లో ఆ 'పాపం' ఒక ఎత్తు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. జాలిపడేవాళ్ళను ఏం చేస్తాం? అయినా లోపలికి వెళ్ళి, నేను విన్నాను అత్తా అన్నాను. అమ్మ పొయ్యి వైపు తిరిగింది. మా తమ్ముడు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు.

"ఈ ఒక్కసారికి సర్దుకో అక్కా. పసిబిడ్డ సంగతి గదా."

"నువ్వు నమ్ముతుండావా?"

"నేను నమ్మేది ఏముందక్కా... పెద్దోళ్ళ మాట..."

"నమ్మనోడివి నమ్మేవాళ్ళ పక్కన నిలబడితే, నమ్మినట్టే లెక్కరా" అన్నాను.

అత్త మధ్యలోకి వచ్చింది. గొడవ ఆమెకూ ఇష్టం లేదు. "సరే, ఒక పని చెయ్యి. కొత్త చేపల్ని తెప్పించి వెయ్యి. ఉయ్యాల నాటికి అయి బతికుంటే నేనే బిడ్డను తెచ్చి నీ చేతిలో పెడతా. సరేనా?" అంది. నేను సరే అన్నాను. చేపలు ఊరికే చావవని నాకు తెలుసు. నా చేయి తగిలితే చచ్చేటట్టయితే, సముద్రం మీద వేటకు పోయేవాళ్ళు వలలు పక్కన పెట్టి నన్నే జీతమిచ్చి పడవెక్కించుకునేవాళ్ళు.

బండి ఆయన మళ్ళీ చారల చేపల్ని, రొయ్యల్ని, పీతల్ని తెచ్చిచ్చాడు. తొట్టిలో పాత నీళ్ళన్నీ తోడిపోసి, పూర్తిగా కొత్త కడవల నీళ్ళు నింపి వాటిని వదిలాను. మొదటిసారి కంటే తొందరగా చచ్చాయి. అత్త ఈసారి బిడ్డను ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తలుపు మూసిన చప్పుడుతో నా ఏడుపు ఆగిపోయింది. ఇక మిగిలింది పంతమే.

నాన్న అంగట్లో పిప్పరమెంట్లు పోసిన గాజు సీసాలు అటక మీద ఉంటే దించి కడిగాను. ఒక సీసాలో కడవలో మిగిలిన సముద్రపు నీళ్ళు పోశాను, ఇంకో సీసాలో తొట్టిలోంచి ముంచిన నీళ్ళు పోశాను. రెండింట్లోనూ బండి ఆయన చేత మళ్ళీ తెప్పించిన రొయ్యల్ని వేశాను. పొద్దునా సాయంత్రమూ మొదటి సీసాలో నా చేయి మణికట్టు దాకా ముంచి కలిపాను. చూడండి, బాగా చూడండి అని గోడలకు వినబడేలా అంటూ కలిపాను. నా చేయి పెట్టిన సీసాలో రొయ్యలు మీసాలు ఆడిస్తూ తిరిగాయి. చేయి పెట్టని తొట్టినీళ్ళ సీసాలో సాయంత్రానికే పక్కకు ఒరిగాయి.

నీళ్ళు ఒకే బండిలో వచ్చినవి. పోసింది ఒకే చేయి. తేడా ఒక్కటే, ఈ నీళ్ళు తొట్టిలో ఉండి వచ్చాయి. అంటే చంపేది తొట్టిలో ఉంది. అద్దాలు మారలేదు, గుగ్గిలం మారలేదు, దోమల మందువాళ్ళు మళ్ళీ రాలేదు. నీళ్ళన్నీ మార్చినా చచ్చాయంటే, నీళ్ళతోబాటు బయటికి పోనిదేదో లోపల మిగిలి ఉండాలి. రెండుసార్లూ ముందు పోయింది అడుగున ఇసుకలో తిరిగే రొయ్యలూ పీతలూ. ఇక ఆలోచించడానికి ఏముంది? వంటింట్లోంచి జల్లెడ తెచ్చుకుని తొట్టిలో ఇసుక తోడటం మొదలుపెట్టాను.

అమ్మ గబగబా వచ్చింది. "నీకెందుకే ఆ చాకిరీ. నేను కడుగుతాలే, నువ్వు మిషను కాడికి పో" అంది. అంతకుముందెన్నడూ అమ్మ ఆ తొట్టిని కడిగింది లేదు. అక్కర్లేదు పొమ్మన్నాను. పోలేదు, కొంగు చేత్తో నలుపుతూ అక్కడే నిలబడింది.

జల్లెడలో నల్లటి తాడు తగులుకుంది. పట్టుకుని లాగితే ఇసుకలోంచి చిల్లు కాణీలు వచ్చాయి, ఒకదాని పక్కన ఒకటి, పిడికిట్లో పట్టేటన్ని. అన్నీ పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి.

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాస్తే ఏమవుతుందో మా వీధిలో గౌను తొడుక్కునే పిల్లకు కూడా తెలుసు. రాగి చెంబులో మజ్జిగ పోసి తిట్లు తినని కోడలు మా వైపు లేదు. పులుపు తగిలినా ఉప్పు తగిలినా రాగికి చిలుము పడుతుంది, ఆ చిలుము కడుపులోకి పోతే పెద్ద మనిషి కూడా వాంతులతో మంచమెక్కుతాడు. సముద్రపు నీళ్ళలో నానేసిన రాగి కాణీల మధ్య వేలెడంత చేప ఎన్నాళ్ళు బతుకుతుంది? అయినా ఊహ ఊహే, రుజువు రుజువే. బాగున్న సీసాలోంచి ఒక రొయ్యను వేరే సీసాలోకి మార్చి, ఒక కాణీ అందులో వేశాను. మర్నాటికి అది పోయింది. ఆ ఒక్క చావు నా చేతి మీదే వేసుకుంటాను, మిగతావి వేసుకోను.

పెరట్లో బట్టలుతికే రాయి మీద తాడు పరిచి అమ్మను పిలిచాను.

"ఇవెవరియమ్మా?"

అమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. "నాయే" అంది.

"ఎందుకు వేసినావు?"

"చూడొచ్చినోళ్ళందరూ పొగిడి పొగిడి పోతా ఉండారు. దిష్టి తగిలి అయి చచ్చినాయనుకో, మళ్ళీ నిన్నే అంటారు. ఇంకోసారి నిన్ననేది నేను వినలేనమ్మా. అందుకని మొదట మూడే గుచ్చి ఇసకలో పెట్టినా. అయి చచ్చినాక, చాలలేదేమోనని పెట్లో ఉండేవన్నీ గుచ్చి వేసినా."

రెండోసారి చేపలు ఎందుకు తొందరగా చచ్చాయో అప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోళ్ళు పోయినప్పుడు వీధి అన్నది, అత్త అన్నది, తమ్ముడు సర్దుకోమన్నాడు. అదంతా ఓర్చుకున్నాను. అమ్మ ఒక్కతి మాత్రం నా వైపు ఉందనుకున్నాను.

"నా చెయ్యి మీద నీక్కూడా అనుమానమేనా?"

"నీ చెయ్యి మీద గాదే. లోకం నోటి మీద."

"మరి తాడు లోకం నోటికి కట్టకుండా నా తొట్టికెందుకు కట్టినావమ్మా?"

అమ్మ రాయి అంచున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. కాసేపటికి అమ్మే తేరుకుని, "ఉయ్యాల రోజు అయ్యగారి ముందే నిలబడి చెప్తాను. నేనే చంపినానని చెప్తాను. నీ మీద మాట పోతుంది" అంది.

చెప్పి ఉంటే ఆమె ఇక స్త్రీల సమాజంలో నోరెత్తగలిగేది కాదు. ఏళ్ళ తరబడి తాళ్ళూ తాయెత్తులూ తప్పని అందరికీ చెప్పిన నోరు అది. అయినా ఆమె చెప్పడానికి సిద్ధపడింది, నేనే వద్దన్నాను. ఆమె పరువు కోసం వద్దన్నానని అమ్మ అనుకుంది. కొంత అదీ నిజమే.

తొట్టిని బావినీళ్ళతో కడిగి కడిగి ఎండబెట్టాను. కొత్త ఇసుక, కొత్త నీళ్ళు, మళ్ళీ చేపలు, మళ్ళీ రొయ్యలు. తొట్టి చుట్టూ ఒక దుప్పటి కప్పాను. మేత వేసేటప్పుడు నేనొక్కదాన్నే ఒక మూల ఎత్తి చూసేదాన్ని. ఎట్టుండాయని తమ్ముడు అడిగితే పలకలేదు. అత్త అడిగితే పలకలేదు. అమ్మ అడగలేదు.

దుప్పటి కింద ఏముందో వాళ్ళకు చూపిస్తే ఆ పూటే అంతా సర్దుకునేది, నాకు తెలుసు. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ పందెం నాకు రుచించడం మానేసింది. చేపలు బతికితే నేను మంచిదాన్నా? రేపు బిడ్డకు జలుబు చేస్తే? ఎల్లుండి మళ్ళీ కోళ్ళకు తెగులు వస్తే? తగిలిన ప్రతి నిందకూ ఒక సీసా పెట్టి, ఒక రొయ్యను నిలబెట్టి రుజువు చేసుకుంటూ బతకాలా? మా ఆయన్ను తీసుకుపోయిన జ్వరాన్ని ఏ సీసాలో వేసి చూపించను? తొట్టిలో చేపలు ఎందుకు చచ్చాయో కనిపెట్టాను, ఎందుకంటే చేపలు నావి, వాటి సంగతి నాకు తెలియాలి. ఆ బిడ్డను ఎత్తుకోవడానికి మాత్రం నేను ఎవరికీ సాక్ష్యం తెచ్చి ఇవ్వను. అలా అనుకున్నాక నాకు హాయిగా నిద్రపట్టింది.

ఉయ్యాల రోజు ఇల్లంతా జనం. దూలానికి కట్టిన ఉయ్యాలకు బంతిపూలు చుట్టారు. మద్రాసు చీర కట్టుకుని నేను వసారా గుమ్మం దగ్గర, దుప్పటి కప్పిన తొట్టికి ఆనుకుని నిలబడ్డాను. పాస్టరుగారు ప్రార్థన చేసి, బిడ్డ నుదుటి మీద చేయి ఉంచి పేరు పెట్టారు. ఇక ఉయ్యాలలో వేయాలి. అత్త బిడ్డను ఎత్తుకుని నా దగ్గరికే వచ్చింది. మాట అంటే మాటే ఆమెకు.

"చేపలు ఎట్టుండాయి?" అంది.

"చెప్పను" అన్నాను.

"అదేందే? దుప్పటి తియ్యి, చూస్తాం."

"తియ్యను అత్తా."

"చచ్చినాయా ఏంది?" అత్త చేయి దుప్పటి అంచు దాకా వచ్చింది. నేను ఆ చేతికీ దుప్పటికీ మధ్య నిలబడ్డాను. జనంలో గుసగుసలు. తమ్ముడు ముందుకు వచ్చి, "బతికుంటే చెప్పొచ్చు గదక్కా, ఎందుకీ మొండితనం" అన్నాడు.

"బతికితే ఏందిరా, చస్తే ఏంది? బతికితే మేనత్తను, చస్తే కానా? చేపల్నడిగి ఇచ్చే బిడ్డ నాకొద్దు. ఇస్తే నన్ను చూసి ఇయ్యండి. లేదంటే మీ ఇష్టం వచ్చినోళ్ళతో వేయించుకోండి, నేను ఈడ్నే నిలబడి చూస్తా. యాడికీ పోను" అన్నాను.  

ఆడవాళ్ళ మధ్యలోంచి అమ్మ లేచింది. "అయ్యగారూ, నేనొక మాట..." అంది.

"నువ్వు కూర్చోమ్మా" అన్నాను. అమ్మ నా మొహం చూసింది. కూర్చుంది. పాస్టరుగారు బైబిలు మూసి, ఎవరి వైపు చూడాలో తెలియక ఉయ్యాల వైపు చూశారు.

అప్పుడు మా మరదలు మంచం దిగింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, బాలింత నీరసం ఇంకా తీరలేదు. ఈ గొడవ మొదలైన నాటినుంచి వాళ్ళమ్మ మాటకు ఎదురు చెప్పని పిల్ల, నాతోనూ పెద్దగా మాట్లాడని పిల్ల. నడుచుకుంటూ వచ్చి వాళ్ళమ్మ చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. దుప్పటి వైపు చూడను కూడా చూడలేదు.

"పట్టుకో వదినా" అంది. "మెడ ఇంకా నిలవలా. తల కింద చెయ్యి పెట్టు."

పసిబిడ్డను అందించేటప్పుడు ఎవరైనా ఎవరికైనా చెప్పే మాట అది. బిడ్డ పుట్టిన నాటినుంచి ఆ ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పారు. నాకు ఒక్కసారి కూడా చెప్పాల్సిన అవసరం రానివ్వలేదు.

నేను తల కింద చేయి పెట్టి వాణ్ణి తీసుకున్నాను.